ముష్టైర్ మఠమూ, మా ఉత్తరపు వసారా గోడా

స్విట్జర్లాండులో ఒక కాన్వెంటు చూసి వచ్చానని చెబితే మా పెద్దమ్మ నమ్మలేనట్లు చూసింది. మా కోనసీమలో కాన్వెంటు అంటే టై కట్టుకున్న పిల్లలూ, పొద్దున్నే హారన్ కొట్టే పసుపు బస్సూ, నెలనెలా కట్టే ఫీజూ తప్ప మరొకటి కాదు. "మన సందు చివర ఒకటి ఉందిగదరా, దానికోసం అంత దూరం వెళ్లాలా?" అని అడిగింది. అది బడి కాదనీ, సిస్టరమ్మలు ఉండే మఠమనీ, పన్నెండు వందల ఏళ్లకు పైబడిన కట్టడమనీ వివరించాక కాసేపు ఆలోచించి, "అయితే ఇంకా అందులో మనుషులున్నారా?" అంది. ఎనభై దాటిన వయసులో పాత మండువా లోగిలిలో ఒంటరిగా ఉంటున్న మనిషికి ఆ ప్రశ్నే ముందు తోచడం సహజమే.

ఉన్నారు. మా తమ్ముడు ఉద్యోగరీత్యా జ్యూరిచ్‌లో ఉంటున్నాడు కనుక అతని దగ్గరకు వెళ్లినప్పుడు ఒకరోజు తీరిక చేసుకుని, జెర్నెట్స్ అనే ఊరి దాకా రైలులోనూ, అక్కడి నుంచి 2149 మీటర్ల ఎత్తున ఉన్న ఓఫెన్ కనుమ మీదుగా పోస్టు బస్సులోనూ ప్రయాణించి, ఇటలీ సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉన్న ముష్టైర్ చేరుకున్నాను. ఆ లోయలో మాట్లాడేది రోమాన్ష్ భాష; మఠం అనే అర్థమున్న లాటిన్ మాటే అరిగి అరిగి ముష్టైర్ అయింది, అంటే మఠం పేరే ఊరికి పేరు. పశ్చిమ యూరప్‌లో చాలా భాగాన్ని ఏలిన షార్లమేన్ చక్రవర్తి మంచు తుపానులో చిక్కి ప్రాణాలతో బయటపడి, మొక్కు చెల్లించుకోవడానికి ఈ మఠం కట్టించాడని అక్కడివారు చెప్పుకుంటారు. ఇలాంటి కథలు మన స్థలపురాణాల్లోనూ కొల్లలు కాబట్టి నేను చిరునవ్వుతో విన్నాను. అయితే చర్చి కట్టుబడిలోని కలప వలయాలను లెక్కించి చూసినప్పుడు ఆ చెట్లను నరికినది 775 ప్రాంతంలోనని తేలింది. షార్లమేన్ సరిహద్దు అవతల ఇటలీలోని లొంబార్డుల రాజ్యాన్ని గెలుచుకున్నది 774లో. మొక్కు సంగతి ఎలా ఉన్నా, కాలం మాత్రం కథను కాదనడం లేదు.

మొదట అది పురుషుల మఠం. 12వ శతాబ్దంలో బెనెడిక్టైన్ అనే క్రైస్తవ సన్యాస శాఖకు చెందిన సన్యాసినులది అయింది. నాటి నుంచి నేటి దాకా వారే ఉన్నారు. ఇప్పుడు పట్టుమని పదిమంది లేకపోయినా నిర్ణీత వేళల ప్రార్థనలు మానలేదు.

చర్చి లోపల నేను అనుకున్నదానికంటే ఎక్కువసేపు నిలబడిపోయాను. సుమారు 800 ప్రాంతంలో గోడలనిండా, వరుస మీద వరుసగా, బైబిలు కథలను చిత్రించారు. తూర్పున ఉన్న మూడు అర్ధవలయాల గోడలలో 1200 ప్రాంతంలో మరొకసారి కొత్త పూత వేసి కొత్త బొమ్మలు గీశారు. హెరోదు విందులో సలోమే నాట్యం చేస్తున్న దృశ్యం ఆ రెండో దఫాలోనిది. ఆ తరువాతి కాలంలో పాత బొమ్మలు పూతల కింద మరుగున పడ్డాయి; 15వ శతాబ్దం చివర చర్చికి కొత్తగా వంపు కప్పు కట్టడంతో గోడల పైభాగం అటక మీదికి పోయింది. 1894లో జోసెఫ్ జెంప్, రాబర్ట్ డ్యూరర్ అనే పరిశోధకులు ఆ అటక ఎక్కి చూసినప్పుడు గానీ అక్కడ బొమ్మలున్నాయన్న సంగతి బయటపడలేదు. అటక మీది చిత్రాలను కొన్నేళ్ల తరువాత ఊడదీసి జ్యూరిచ్ మ్యూజియానికి తరలించారు. కింద, చర్చి లోపలి బొమ్మలను 1947, 1951 మధ్య పూతలు ఒలిచి బయటికి తెచ్చారు. ఊడదీసి తీసుకుపోయినవాటికీ, గోడ మీదనే ఉండనిచ్చినవాటికీ నడుమ ఉన్న తేడా నా మనసులో చాలాకాలం మెదిలింది. ముక్కలు మ్యూజియంలోనూ భద్రంగానే ఉంటాయి, కాదనను. కానీ సాయంత్రం ప్రార్థన పాట తగిలే గోడ ఇదొక్కటే.

ఈ మఠాన్ని నిలబెట్టడానికి 1969లో ఒక ధర్మసంస్థ ఏర్పడింది. విరాళాలు పోగుచేయడం, మరమ్మతులు చేయించడం, కట్టడాన్ని శాస్త్రీయంగా పరిశోధింపజేయడం దాని పనులు. 1983లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చోటు దొరికినా, బిరుదు వల్ల కప్పు కారడం ఆగదు కదా, మరమ్మతుల కోసం చేయి చాచే పని మాత్రం ఆగలేదు. నాకు నచ్చిన విషయం ఏమిటంటే, ఆ సంస్థ కాపాడుతున్నది గోడలను మాత్రమే కాదు, ఆ గోడల మధ్య సిస్టర్ల జీవితం సాగడాన్ని కూడా. మఠం ఆవరణలో 960 ప్రాంతంలో కట్టిన ప్లాంటా అనే బురుజును బాగుచేసి 2003 నుంచి మ్యూజియంగా చూపిస్తున్నారు. సిస్టర్లు ఉండే భాగం వైపు మాత్రం సందర్శకులకు తలుపు తెరవరు. టిక్కెట్టు కొన్నవాడికి అన్నీ చూసే హక్కు ఉంటుందనుకునే రోజుల్లో మూసి ఉంచిన ఆ తలుపు ముందు నేను కొంచెం సిగ్గుపడ్డాను కూడా.

ఇది మన గోదావరి సీమకు కొత్త ఆలోచనేమీ కాదు. ద్రాక్షారామం గుడి రాళ్ల మీద చెక్కిన దాన శాసనాలలో అఖండ దీపానికి గొర్రెలను ఇచ్చిన దాతలు ఎందరో కనిపిస్తారు. మందను ఒక కాపరికి అప్పగిస్తారు. అతను రోజూ కొలత ప్రకారం దీపానికి నెయ్యి పోయాలి. మంద మాత్రం తరగకూడదు. ఆ దాత రాయిని కాపాడమని అనలేదు, దీపం ఆరకూడదన్నాడు. రాయి కూడా మిగిలిందంటే అందులో ఆ దీపానికీ కొంత వాటా ఉందని నా నమ్మకం.

ఇక మా ఇంటి సంగతికి వస్తాను, ఇదంతా రాయడానికి అసలు కారణం అదే కనుక. పెద్దమ్మ ఉంటున్న లోగిలి గోడలు ఇటుక, సున్నపు కట్టుబడి. గుల్లలు కాల్చిన సున్నాన్ని ఎడ్ల గానుగలో నూరి, బెల్లం నీరూ కరక్కాయ నీరూ కలిపి పూసిన గోడలు. పన్నెండేళ్ల క్రితం ఉత్తరపు వసారాలో పెచ్చులూడుతుంటే, ఎవరినీ అడగకుండా, గట్టిగా ఉంటుందని చెప్పి సిమెంటు పూత వేయించినవాడిని నేనే. మా నేలలో చెమ్మ పైపైనే ఉంటుంది, దానిలో ఉప్పూ ఉంటుంది. సున్నపు పూత ఆ చెమ్మను పీల్చుకుని గాలికి వదిలేస్తుంది; సిమెంటు పూత దారి మూసేస్తుంది. దారి లేని చెమ్మ గోడలోనే పైకి పాకి, ఉప్పు పూత వెనుక గడ్డకట్టి ఇటుకను పిండి చేస్తుంది. మొన్న నేను ఆ గోడను వేలితో తట్టితే డొల్ల శబ్దం వచ్చింది, కింద ఎర్రటి పొడి రాలింది. ధవళేశ్వరంలో 1852 నాటికి సున్నపు కట్టుబడితోనే గోదావరికి అడ్డంగా ఆనకట్ట కట్టిన ప్రాంతంలో పుట్టి, సున్నం బలహీనమని నేనెందుకు అనుకున్నానో ఇప్పటికీ అర్థం కాదు.

అన్నదమ్ములం కూర్చుని మాట్లాడుకున్నప్పుడు, పెద్దమ్మను రాజమండ్రిలో మా ఇంటికి తీసుకొచ్చి, లోగిలిని హోమ్‌స్టేగా మారిస్తే దాని ఖర్చు అదే భరించుకుంటుందని ఒకరు అన్నారు. లెక్క ప్రకారం తప్పు లేదు. అయితే మండువాలో పొద్దున్నే ముగ్గు పెట్టే మనిషి లేకుండా, ముగ్గు బొమ్మను మాత్రం అతిథులకు చూపించే ఇల్లు నాకు ఊహకు అందలేదు. చివరకు అందరం నెలకు ఇంత అని ఒక ఖాతాలో వేయడానికీ, ఆ డబ్బు మరమ్మతుకూ, పెద్దమ్మ అందులో సుఖంగా ఉండడానికి కావలసిన వాటికీ తప్ప మరి దేనికీ వాడకూడదని కాగితం మీద రాసుకోవడానికీ ఒప్పుకున్నాం. ముష్టైర్ సంస్థతో పోల్చుకునేంత పెద్ద పని కాదిది, అందుకే దానికి పేరు కూడా పెట్టలేదు.

సున్నం పని తెలిసిన తాపీ మేస్త్రి కోసం నాలుగు ఊళ్లు తిరిగితే చివరకు డెబ్బై దాటిన ఒకాయన దొరికాడు. పెరట్లో గుంట తవ్వి సున్నం నానబెట్టాడు. పెద్దమ్మ ఇల్లు కదలనంది కాబట్టి గది తరువాత గదిగా పని సాగుతోంది; ఉత్తరపు వసారా సిమెంటు ఒలవడానికే పదకొండు రోజులు పట్టింది. దుమ్ము వంటలో పడుతుందని తడిక కట్టించాం. తులసికోట వైపు ఇసుక పోయవద్దని ఆమె మొదటి రోజే హెచ్చరించింది, మేస్త్రి ఆ మూల వదిలేసి మిగతా పెరడంతా వాడుకుంటున్నాడు. ఇటుక పూర్తిగా ఆరితే తప్ప పూత మొదలుపెట్టనని అతను అంటున్నాడు కనుక, వసారా గోడ ఇప్పుడు ఒట్టి ఇటుకలతో నిలబడి ఉంది.