డేకేర్ విచారణకు వెళ్తున్నారా? 'వద్దు' అనకండి, 'ఎంతమంది' అని అడగండి

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ ఫలానా ఇంటిని డేకేర్‌గా మారుస్తున్నారని తెలియగానే వీధిలో మొదట వినపడే మాట ఒకటే: "పొద్దున్నే బండి తీయాలంటే దోవ ఉండదబ్బా". ఆ భయం ఉత్తది కాదు. కానీ దాన్నే పట్టుకొని వీధంతా సంతకాలు చేసి "మా కాలనీలో డేకేర్ వద్దు" అని ఒక కాగితం ఇస్తే దానివల్ల పని జరగదు. చాలా పట్టణ మాస్టర్ ప్లాన్లలో క్రెచ్ (పసిపిల్లల్ని పగలు చూసుకునే చోటు), నర్సరీ బడి నివాస ప్రాంతంలో అనుమతించే వాడుకల్లోనే ఉంటాయి. అందుకే వట్టి "వద్దు"కు టౌన్ ప్లానింగ్ అధికారి దగ్గర బరువు ఉండదు. ఎంతమంది పిల్లలు, ఏ వయసువాళ్లు, ఏ గంటల్లో అన్న మూడు ప్రశ్నలకు ఉంటుంది. వాటి జవాబులు అనుమతి ఉత్తర్వులో అంకెలుగా ఎక్కితే కాలనీకి రక్షణ, ఆ పిల్లలకూ రక్షణ.

డేకేర్ అవసరం కూడా నిజమైనదే. ఆసుపత్రి నర్సులు, బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లు రెండేళ్ల బిడ్డను ఎక్కడ వదలాలి? అంగన్‌వాడీ సాయంత్రం దాకా ఉంచుకోదు. అమ్మమ్మో నాయనమ్మో ఊళ్లో ఉంటారు. కాలనీలో నాలుగు అడుగుల దూరంలో మంచి డేకేర్ ఉండటం ఆ వీధికే మేలు. అడ్డుకోవాల్సింది చెడ్డ డేకేర్‌ను, ముప్పై మందికని మొదలుపెట్టి మూడేళ్లలో ఐదో తరగతి దాకా పెరిగిపోయే బడిని.

ముందు, అభ్యంతరాలుంటే చెప్పమని వచ్చిన నోటీసును నిదానంగా చదవండి. మన దగ్గర ఇలాంటి చిన్న కట్టడాలకు పెద్ద బహిరంగ సభలు జరగవు. రాతపూర్వక అభ్యంతరం ఇస్తే, దాని మీద అధికారి ఇరుపక్షాలనూ పిలిచి వింటారు. భూవినియోగ మార్పు ప్రకటన అయితే సాధారణంగా 15 రోజుల గడువు ఉంటుంది. నోటీసులో డోర్ నంబరు, సర్వే నంబరు, అడుగుతున్న వాడుక, విస్తీర్ణం రాసుకోండి. వాడుక దగ్గర "డేకేర్" అని ఉందా, "ప్లే స్కూల్" అని ఉందా, వట్టి "విద్యా సంస్థ" అని ఉందా చూడండి. మూడోది అయితే అక్కడే ఆగి అడగాలి, ఎందుకంటే ఆ మాట కింద రేపు ఏ బడినైనా నడపొచ్చు. ఆ ఇంటికి ఆమోదించిన ప్లాన్ గురించి మీ వార్డు సచివాలయంలోని ప్లానింగ్ కార్యదర్శిని అడగండి. కుదరకపోతే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. దానికి 30 రోజుల గడువు ఉంటుంది కాబట్టి నోటీసు చూసిన రోజే పెట్టడం మంచిది. ప్లాన్ చేతికి వచ్చాక కట్టడంతో పోల్చండి. పక్కన వదలాల్సిన ఖాళీని రేకులు వేసి గదిగా మార్చారా? పైన ప్లాన్‌లో లేని గది ఉందా? ఇవి అభిప్రాయాలు కావు, కొలిచి చూపించగలిగే తేడాలు. విచారణలో అన్నిటికంటే గట్టిగా నిలబడేవి ఇవే.

ఇక ట్రాఫిక్. దీన్ని లెక్కగా చెప్పాలి. డేకేర్, ప్లే స్కూల్ ఒకటే అనుకోవడం దగ్గరే చాలామంది పొరపడతారు. ప్లే స్కూల్‌కు అందరూ ఒకేసారి వస్తారు. 60 మంది పిల్లలకు 45 బండ్లు, అన్నీ 9 నుంచి 9.15 లోపు, ఒక్కోటి 2 నిమిషాలు ఆగితే ఏ క్షణం చూసినా సగటున 6 బండ్లు గేటు ముందు నిలబడి ఉంటాయి. మధ్యాహ్నం వదిలేటప్పుడు ఇంకా ఎక్కువ, ఎందుకంటే తల్లిదండ్రులు ముందే వచ్చి కాచుకుంటారు. డేకేర్ తీరు వేరు. నర్సు షిఫ్టు వేరు, బ్యాంకు వేళ వేరు, బడి వేళ వేరు కాబట్టి రాక విడిపోతుంది. 30 మంది పిల్లలకు 25 బండ్లు, 7.30 నుంచి 9.30 దాకా రెండు గంటల్లో, పసిబిడ్డను అప్పగించడానికి ఒక్కోటి 4 నిమిషాలు ఆగినా సగటున ఒక్క బండి కూడా తేలదు. సగటు అంటే రద్దీ సమయం కాదు, దానికి రెండు మూడింతలు వేసుకోండి. అప్పటికీ మూడు బండ్లే. కాబట్టి విచారణలో మొదటి ప్రశ్న "ఇది ఉదయం బడి పెట్టి మధ్యాహ్నం వదిలేదా, రోజంతా ఉంచుకునేదా?" అయి ఉండాలి. రెండూ కలిపి నడుపుతామంటే రెండు లెక్కలూ అడగండి.

వీధి వెడల్పును కాగితం మీద కాకుండా టేపుతో మూడు చోట్ల కొలవండి. 30 అడుగుల రోడ్డు అంటే 9 మీటర్లు. రెండు పక్కలా కాలవలు, ఇళ్ల ముందు ర్యాంపులు, ఒక పక్క నిలిపిన కార్లు పోను వాడుకకు మిగిలేది చాలా వీధుల్లో 15 అడుగులే. స్కూల్ ఆటో ఒకటి నిలబడితే ఎదురుగా వచ్చే కారు వెనక్కి పోవాలి. ఈ మిగిలిన వెడల్పునే అర్జీలో రాయండి. పనిరోజున ఉదయం 8 నుంచి 9.30 దాకా, సాయంత్రం 4.30 నుంచి 6.30 దాకా పదిహేను నిమిషాలకొకసారి బండ్లు లెక్కపెట్టి, సమయం పడేలా ఫోటోలు తీయండి. దసరా, సంక్రాంతి సెలవుల్లో తీసిన లెక్క పనికిరాదు. పరిష్కారం కూడా మీరే అడగండి: ప్రహరీ లోపల రెండు కార్లు, ఆరు స్కూటర్లు ఆగే చోటు, రద్దీ వేళ గేటు దగ్గర ఒక మనిషి, బ్యాచ్‌లవారీ వేళలు. గేటు ముందు తెరిచి ఉన్న కాలవ ఉంటే దాని మీద పలకలు వేయించే బాధ్యత ఎవరిదో కూడా రాయించాలి.

పిల్లల సంఖ్య తేల్చడానికి మన అంకణాల లెక్క బాగా పనికొస్తుంది. నెల్లూరులో అంకణం అంటే 8 గజాలు, 72 చదరపు అడుగులు. 40 అంకణాల స్థలంలో కింది అంతస్తు 1,400 చదరపు అడుగులు అనుకుందాం. వంటగది, బాత్రూములు, ఆఫీసు గది, నడవ పోతే పిల్లలకు మిగిలేది 900. ప్రసూతి ప్రయోజన చట్టం కింద 2018లో కేంద్రం ఇచ్చిన క్రెచ్ మార్గదర్శకాల్లో బిడ్డకు 10 నుంచి 12 చదరపు అడుగులు అన్న కనీస కొలత ఉంది. ఆ లెక్కన ఈ ఇంట్లో 75 మందిని కూర్చోబెట్టొచ్చు. మా ఉద్దేశంలో ఆ కొలత చాలా తక్కువ. పసివాళ్లు పడుకోవాలి, పాకాలి, మధ్యలో ఆయా నడవాలి. బిడ్డకు 30 చదరపు అడుగులు అడగండి, ముప్పై మంది దగ్గర తేలుతుంది. దరఖాస్తుదారు 50 అంటే ఏ గదిలో ఎంతమందో ప్లాన్ మీద గుర్తు పెట్టి చూపించమనండి.

వయసు ఎందుకు ముఖ్యమంటే, మంట లేచినప్పుడు ఏడాది బిడ్డ తనంతట తాను బయటికి రాలేదు. ఒక ఆయా రెండు చేతులతో ఇద్దరినే ఎత్తుకోగలదు. అందుకే మూడేళ్ల లోపు పిల్లల్ని కింది అంతస్తులో తప్ప ఉంచకూడదన్న షరతు గట్టిగా అడగాలి. ఇందులో రాజీ వద్దు. 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణం బడిలో 94 మంది పిల్లలు చనిపోయింది వంటశాల మంట తాటాకు కప్పుకు అంటుకొని, ఇరుకు మెట్ల దారిలో బయటపడలేకే. మన ఇళ్లకు ఇంకో సమస్య ఉంది: కిటికీలన్నిటికీ కదలని ఇనుప గ్రిల్, ముందు వరండాకు తాళం వేసిన కొలాప్సిబుల్ గేటు. దొంగల కోసం పెట్టినవి మంట వేళ బోనులవుతాయి. పిల్లలుండే ప్రతి గదిలో ఒక గ్రిల్ కీళ్లతో తెరుచుకోవాలి. ఇంటికి రెండో ద్వారం ఉండాలి, అది వంటగది గుండా పోయేది కాకూడదు. గ్యాస్ సిలిండరు బయట గాలి ఆడే చోట ఉండాలి. గ్యాస్ గాలికంటే బరువైనది కాబట్టి నేల మట్టంలో గాలి దారి కావాలి, పైన వెంటిలేటరు చాలదు. రాష్ట్ర అగ్నిమాపక చట్టం ప్రకారం బడిలాంటి జనం చేరే కట్టడాల స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఎత్తు 6 మీటర్లు దాటినా అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం కావాలి. 500 చదరపు మీటర్లంటే దాదాపు 75 అంకణాలు, అది చాలా ఇళ్లకు వర్తించదు. 6 మీటర్ల ఎత్తు మాత్రం పై అంతస్తు కట్టిన ఇంటికి ఇట్టే దాటుతుంది.

వీధిలో 11 కెవి కరెంటు తీగ బాల్కనీకి ఆనుకొని పోతుంటే తప్పక రాయండి. గోడ నుంచి తీగకు అడ్డంగా కనీసం 1.2 మీటర్ల దూరం ఉండాలి. నీళ్ల సంపు, సెప్టిక్ ట్యాంకు మూతలకు తాళం ఉండాలి. మెట్ల రెయిలింగ్ కమ్మీల మధ్య సందు నాలుగు అంగుళాలు మించకూడదు. గేటు లోపల రెండో చిన్న గేటు ఉండాలి. ఒకటి మూశాకే రెండోది తెరవాలి, బిడ్డ పరుగెత్తి వీధిలోకి రాకుండా, వీధికుక్క లోపలికి రాకుండా.

నీళ్ల సంగతి ఒంగోలువాళ్లు మరీ పట్టించుకోవాలి. పగటి బడికి మనిషికి రోజుకు 45 లీటర్లన్నది ప్రామాణిక లెక్క. 30 మంది పిల్లలు, 6 మంది సిబ్బంది అంటే రోజుకు 1,620 లీటర్లు. ఎండాకాలంలో మూడు రోజులకొక ట్యాంకరు వచ్చే వీధిలో దాదాపు 5,000 లీటర్ల సంపు లేకపోతే వాళ్లు పక్కింటి బోరు మీద పడతారు. మురుగు భూగర్భ డ్రైనేజీలోకి పోతుందా, వీధి కాలవలోకా అన్నది చూడండి. వాడిన డైపర్లు శానిటరీ చెత్త, విడిగా చుట్టి ఇవ్వాలి. పన్నెండు మంది పసివాళ్లుంటే రోజుకు దాదాపు యాభై తేలతాయి. అవి కాలవలో పడితే తొలి వానకే వీధి నిండుతుంది.

వాన అంటే మన జిల్లాలకు అక్టోబరు నుంచి డిసెంబరు. నెల్లూరులో ఆత్మకూరు బస్టాండ్, రామలింగాపురం, మాగుంట లేఅవుట్ అండర్‌బ్రిడ్జిల్లో నీళ్లు నిలిస్తే రైలు కట్టకు అవతల పనిచేసే తల్లి రావడానికి గంటలు పడుతుంది. ఆఖరి బిడ్డ వెళ్లేదాకా ఇద్దరు సిబ్బంది ఉండాలని, ఆ రోజులకు తిండి, ఇన్వర్టరు సిద్ధంగా ఉండాలని అడగండి. పల్లపు వీధి అయితే 2015, 2021 వానలకు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీది గుర్తుతో ఫోటో పెట్టండి.

శబ్దం గురించి మాట్లాడేటప్పుడు జాగ్రత్త. పిల్లలు ఏడుస్తారు, అరుస్తారు అని రాస్తే అధికారి కొట్టిపారేస్తారు, కొట్టిపారేయాలి కూడా. నివాస ప్రాంతానికి 2000 నాటి శబ్ద నియమాల ప్రకారం పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 పరిమితి. అడగాల్సినవి: బయటి ఆట ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట, ఒక్కో విడతకు పన్నెండు మంది, మైకు లేదు, ఆట స్థలం పక్కింటి పడకగది గోడ వైపు కాదు. దూరం రెట్టింపైతే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, కాబట్టి ఆట మూలను ఈ గోడ నుంచి ఆ గోడకు మార్చడమే పెద్ద మార్పు. జనరేటరు పెడితే దానికి శబ్దం ఆపే పెట్టె ఉండాలి, ఒక మీటరు దూరంలో 75 డెసిబెల్స్ మించకూడదు. 25 కెవిఎ జనరేటరుకు పొగగొట్టం కట్టడం కంటే ఒక మీటరు ఎత్తు ఉండాలి. పొగ పక్కింటి కిటికీలోకి పోతుందన్న గొడవలు చాలావరకు ఈ గొట్టం పొట్టిగా ఉండటం వల్లనే.

గంటల దగ్గర ఒక ప్రశ్న చాలామందికి తట్టదు. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెచ్ వసతి కల్పించాలని ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణ చెప్పింది, అది సంస్థకు 500 మీటర్ల లోపు అయినా చాలని 2018 మార్గదర్శకాలన్నాయి. దగ్గర్లో ఆసుపత్రి ఉంటే ఈ డేకేర్‌తో ఒప్పందం కుదరొచ్చు, అప్పుడు రాత్రి షిఫ్టు పిల్లలూ వస్తారు. అది తప్పు కాదు, కానీ ముందే తెలియాలి. రాత్రి వాడుక ఉంటే విడిగా అనుమతి తీసుకోవాలని రాయించండి.

స్థలం విలువ పడిపోతుంది, అద్దెలు తగ్గుతాయి, నడిపేవాళ్లు ఫలానావాళ్లు అన్న మాటలు అర్జీలో ఒక్కటి కూడా ఉండకూడదు. అవి మంచి వాదనను పాడుచేస్తాయి. ఒక్క సందర్భంలో మాత్రం "వద్దు" అనే అనండి: లేఅవుట్‌లో పార్కుకు వదిలిన ఖాళీ స్థలంలో కట్టబోతుంటే. అది కాలనీ ఉమ్మడి ఆస్తి.

అర్జీ రెండు పేజీలు దాటనివ్వకండి. సంతకం పక్కన డోర్ నంబరు ఉండాలి. రెండు కాపీలు తీసుకెళ్లి, కాగితాలు తీసుకునే ఇన్‌వర్డ్ విభాగంలో ఒకటిచ్చి రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. విచారణలో ఒక్కరే మాట్లాడితే మంచిది. అందరూ ఒకేసారి లేచిన చోట ఏదీ నమోదు కాదు. "శబ్దం లేకుండా చూసుకుంటాం సార్" అని దరఖాస్తుదారు నోటితో అంటే సంతోషించకండి. ఉల్లంఘించారని నిరూపించడానికి అందులో అంకె లేదు. "30 మంది, ఆరు నెలల నుంచి ఆరేళ్లు, ఉదయం 7.30 నుంచి సాయంత్రం 7, పెంచాలంటే మళ్లీ దరఖాస్తు, మళ్లీ నోటీసు" అన్న వాక్యం ఉత్తర్వులో ఉండాలి.

ప్రొసీడింగ్స్ (ఆ ఉత్తర్వు) కాపీ తప్పక తీసుకొని, నంబరు, తేదీ కాలనీ సంఘం పుస్తకంలో రాసిపెట్టండి. తెరిచాక ఆరు నెలలకు ఒకసారి, యాజమాన్యానికి ముందే చెప్పి, వెళ్లి పిల్లల సంఖ్య, రెండో ద్వారం, మూతల తాళాలు చూసి రండి. తేడా ఉంటే ముందు వాళ్లకే రాతపూర్వకంగా ఇచ్చి రెండు వారాలు గడువు పెట్టండి. సరిచేయకపోతే సోమవారం ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదికలో ఆ ప్రొసీడింగ్స్ నంబరుతో, ఏ షరతు తప్పారో ఆ షరతు సంఖ్యతో అర్జీ ఇవ్వండి.