పేర్లు రాసే లీడర్లు మనకొద్దు

చిత్తూరు, తిరుపతి వైపు బళ్లలో ఏ క్లాసు లీడర్నైనా నీ పనేమిటని అడిగి చూడండి. ‘టీచర్ లేనప్పుడు మాట్లాడినోళ్ల పేర్లు బోర్డు మీద రాస్తాను సార్’ అంటారు. అది కాపలా పని. స్నేహితుల పేర్లు బోర్డెక్కవు, గిట్టనివాళ్ల పేరు పక్కన రెండు ఇంటూ మార్కులు పడతాయి. ఏడాదంతా అదే చేస్తే లీడరుకు పితూరీలు చెప్పడం అలవాటవుతుంది, మిగతావాళ్లకు లీడరు కంట పడకుండా అల్లరి చేయడం అలవాటవుతుంది. పైగా ఆ పదవి ఎప్పుడూ బాగా చదివేవాళ్లకే.

పిల్లలకు పని అప్పగిస్తే చాలదు, ఆ పనిలో ఏదో ఒక నిర్ణయం కూడా వాళ్లకే వదలాలి. నాయకత్వం అక్కడే మొదలవుతుంది.

నలభై మంది ఉన్న తరగతిని తీసుకుందాం. తాగునీళ్లు, భోజనాల వరస, ప్రార్థన, రానివాళ్ల వివరాలు, లైబ్రరీ పుస్తకాలు, ఆట సామాన్లు, మొక్కలు: ఏడు పనులు, ఒక్కోదానికి ఇద్దరు, మూడు వారాలు. మొదటి వారం తడబడతారు, రెండో వారం కుదురుకుంటారు, మూడో వారంలోనే ‘ఇలా కాకుండా అలా చేస్తే?’ అనే ఆలోచన పుడుతుంది. వారానికోసారి మార్చేస్తే ఆ మూడో వారం ఎవరికీ దక్కదు. మూడు వంతుల్లో, అంటే తొమ్మిది వారాల్లో, తరగతి మొత్తానికీ అవకాశం వస్తుంది. జూన్‌లో మొదలుపెడితే దసరా సెలవుల లోపే అయిపోతుంది. పనులు చీటీలు వేసి పంచండి. లేకపోతే ఆట సామాన్లు మగపిల్లలకు, మొక్కలు ఆడపిల్లలకు పోతాయి.

అన్నిటిలోకీ ఎక్కువ నేర్పేది భోజనాల వరస. పొద్దున హాజరు కాగానే తరగతివారీగా లెక్క తీసుకుని వంటవాళ్లకు చెప్పాలి. ఎవరు ముందు, ఏ తరగతి ఏ కుళాయి దగ్గర చేతులు కడగాలి అన్నది పిల్లలే తేల్చాలి. గరిటె మాత్రం వాళ్ల చేతికి ఇవ్వకూడదు. వేడి సాంబారు వడ్డించడం పెద్దవాళ్ల పని. మొదటి రెండు రోజులు కుళాయిల దగ్గర తోపులాట తప్పదు, అందరినీ ఒకేసారి వదులుతారు కాబట్టి. సాధారణంగా అప్పుడే టీచరు వెళ్లి కేకేసి సర్దేస్తారు. పని చెడేది సరిగ్గా అక్కడే, ఎందుకంటే ఆ తర్వాత పిల్లల మాట ఎవరూ వినరు. ఎవరికైనా దెబ్బ తగిలేలా ఉంటే తప్ప పది అడుగుల దూరంలో ఆగండి. భోజనాలయ్యాక విడిగా కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు అడగండి: ఏం జరిగింది, ఎందుకు జరిగింది, రేపు ఏం మారుస్తావు? జవాబు నోటుబుక్కులో రెండు లైన్లు రాయించండి. ఐదు నిమిషాల పని. అందరి ముందూ అడిగితే మాత్రం సంజాయిషీలే వస్తాయి.

గుడిపాల, నగరి వైపు కొందరు పిల్లలు ఇంట్లో తమిళం మాట్లాడతారు. ప్రార్థనలో మైకు ఇస్తే బిగుసుకుపోతారు. వాళ్లకు నాయకత్వం లేదనుకోవడం అన్యాయం. ముందు మాటలు అంతగా అవసరం లేని పని ఇవ్వండి. తర్వాత రెండే రెండు వార్తలు, ముందురోజు బిగ్గరగా రెండుసార్లు చదివించి, కాగితం చూసే చదవనివ్వండి. మైకు నోటికి జానెడు దూరంలో ఉండాలని చూపించండి. చాలామంది గొంతు వినపడనిది భయం వల్లే కాదు, మైకు పట్టుకోవడం తెలియక కూడా.

స్కూలు లీడరు ఎన్నిక పెడితే రహస్య ఓటే పెట్టండి. చాక్లెట్లు పంచడం ముందే నిషేధించండి. డబ్బు లేకుండా చేయగల మూడు పనులే హామీగా ఇవ్వాలని షరతు పెట్టండి. ఓటర్ల జాబితా రాసి, వేలిమీద చుక్క పెట్టి, ఏజెంట్ల ముందు లెక్కపెట్టే పిల్లలు గెలిచినవాళ్లకన్నా ఎక్కువ నేర్చుకుంటారని నా అభిప్రాయం.

తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఒక పెద్ద పని మొత్తంగా ఇవ్వొచ్చు. చంద్రగిరి కోట యాత్ర అందుకు సరిగ్గా సరిపోతుంది. తిరుపతికి దగ్గర, రాజమహల్లో మ్యూజియం ఉంది, ఒక్క పూటలో చూసి రావచ్చు. నవంబరులో మనకు వానలు, మార్చికి ఎండలు, కాబట్టి జనవరి మేలు. కానీ ఆ మాట మీరు చెప్పకండి, వాళ్లనే కనుక్కోనివ్వండి. మ్యూజియానికి వారపు సెలవు ఏ రోజో, టికెట్టు ఎంతో, బస్సు ఎంత అడుగుతుందో కూడా అంతే. నలభై ఐదు మందిని తొమ్మిదేసి మందితో ఐదు జట్లు చేయాలి. బస్సు ఎక్కినప్పుడూ దిగినప్పుడూ ప్రతి జట్టూ ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు చెప్పాలి. తలలు లెక్కపెడితే పొరపాటు జరుగుతుంది, అంకె పలకకపోతే ఎవరు లేరో వెంటనే తెలుస్తుంది. మనిషికి లీటరు చొప్పున ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు మూడు చాలు. జట్టు లీడరు అందరి తర్వాత తినాలి.

అనుమతి పత్రాలూ, ప్రథమ చికిత్స పెట్టె, డబ్బు దాచడం టీచరు చేతిలోనే ఉండాలి. లెక్క రాయడం మాత్రం పిల్లలదే. మర్నాడు ఖర్చు మొత్తం క్లాసులో చదివి వినిపించి, మిగిలిన డబ్బు ఏం చేయాలో చేతులెత్తించి తేల్చుకోవాలి.