నేలపట్టు చెరువు కట్ట మీద

చెన్నైలో మా అపార్ట్‌మెంట్ వాళ్ళకు ఆదివారమంటే మాల్. నలుగురు వెళ్ళి రెండు గంటలు తిరిగితే రెండు వేలు ఎటు పోయాయో తెలియదు. పోనీ ఏదైనా సరదా నేర్చుకుందామంటే ముందు బూట్లు, బ్యాటు, మూడు నెలల ఫీజు. నాకది పడదు. చలికాలం రాగానే పక్షుల్ని చూడటానికి సూళ్ళూరుపేట లోకల్ రైలు ఎక్కేస్తాను. ఆ టికెట్టు డబ్బులకు మాల్‌లో కప్పు కాఫీ కూడా రాదు.

దొరవారిసత్రంలో బస్సు దిగితే నేలపట్టుకు ఆటో రెండు వందలన్నాడు. ఆ కాస్త దూరానికి అంతెందుకు? పులిహోర డబ్బా సంచిలో వేసుకుని నడిచాను.

1976 నుంచీ ఇది పక్షుల అభయారణ్యం. అక్టోబరు నుంచి మార్చి దాకా గూడబాతులు, అదే పెలికాన్లు, ఇక్కడే గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచుతాయి. చెరువులో నడుముదాకా మునిగిన కడప చెట్లు, కొమ్మకొమ్మకీ గూళ్ళు, రెట్టతో తెల్లబడ్డ ఆకులు. దగ్గరికి వెళ్ళకముందే గోల వినిపిస్తుంది.

వాచ్‌టవర్ మీద ఇద్దరు కుర్రాళ్ళు లెన్సుల ధరలు మాట్లాడుకుంటున్నారు. లక్షల్లోనే. నా చేతిలో ఏమీ లేకపోవడం చూసి, "పెద్ద లెన్స్ లేకుండా ఇక్కడికొచ్చి ఏం లాభం అంకుల్?" అన్నాడొకడు. నాకు ఒళ్ళు మండింది. కొంగను చూడటానికి కూడా అప్పు చేయాలా? దిగి వచ్చేశాను.

కట్ట కింద తలగుడ్డ చుట్టుకున్న రైతు ఒకాయన కూర్చుని ఉన్నాడు. పులిహోర ఇద్దరం పంచుకున్నాం. ఇక ఆయన చూపిస్తుంటే నేను చూడటమే పని. "అదిగో సామీ, నత్తగుల్ల కొంగ. ముక్కు మూసినా మధ్యలో సందుంటది చూడు. నత్తల్ని పట్టేదానికి అది." పక్క కొమ్మ మీద గూడబాతు పిల్ల, తల్లి గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చి చేపలు తింటోంది. ఆ చేపల కోసం తల్లి పులికాట్ సరస్సు దాకా పోయొస్తుందట. ఎండ పడకుండా ఎర్రకాళ్ళ కొంగ పిల్లల మీద రెక్కలు చాచి నిలబడింది. ఇవన్నీ ఆయన మామూలు కళ్ళతోనే చూస్తాడు. నాకూ అన్నీ కనిపించాయి.

రెట్ట కలిసిన ఈ నీళ్ళు పారితే పొలానికి ఎరువు ఖర్చు తగ్గుతుందని చెప్పాడు. చెరువు నిండని ఏడు ఇవి గూళ్ళు కట్టవట. పొలానికి ఇంత మేలు చేస్తాయి కాబట్టే ఊళ్ళో ఎవరూ వీటి మీద రాయి వేయరు.

చిన్నప్పుడు సాయంత్రం కొంగల బారు కనపడితే చాలు, గోళ్ళు రుద్దుకుంటూ తెల్ల మచ్చలు పెట్టమని అరిచేవాళ్ళం. ఆ మాట చెబితే "ఇక్కడి పిల్లకాయలు ఇప్పటికీ అడుగుతారు" అన్నాడు. మా అపార్ట్‌మెంట్ పిల్లలకు కొంగంటే పుస్తకంలో బొమ్మే. నాకు దిగులేసింది.

సంక్రాంతి దాటితే పిల్లలు కొమ్మల మీద రెక్కలు కొడుతూ ఎగరడం నేర్చుకుంటాయని, అప్పుడు మళ్ళీ రమ్మన్నాడు. పొద్దున్నే రావాలట, ఎండెక్కితే సగం పక్షులు మేతకు పోతాయి. ఈసారి పక్క ఫ్లాట్ పిల్లలిద్దరినీ తీసుకెళ్తాను. ఫస్ట్ లోకల్ పట్టుకోవాలి.