గ్రబ్ లేకుండా కెర్నల్‌ని నేరుగా బూట్ చేయడం

లినక్స్ ఒక్కటే ఉన్న కంప్యూటర్‌కి గ్రబ్ (కంప్యూటర్ ఆన్ కాగానే కెర్నల్‌ని, అంటే లినక్స్ మూల ప్రోగ్రాంని, లోడ్ చేసే బూట్‌లోడర్) అక్కర్లేదు. 2012లో వచ్చిన 3.3 వెర్షన్ నుంచి కెర్నల్ ఫైలే ఒక ఈఎఫ్ఐ ప్రోగ్రాంగా పనిచేయగలదు. యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్, అంటే మదర్‌బోర్డులో ఉండే స్టార్టప్ సాఫ్ట్‌వేర్, దాన్ని సూటిగా నడుపుతుంది. సిస్ ఫోల్డర్‌లోని ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లో ఈఎఫ్ఐ అనే ఫోల్డర్ కనబడకపోతే మిషన్ పాత బయోస్ పద్ధతిలో బూట్ అయినట్టే. ముందు ఆ సెట్టింగ్ మార్చండి. సైన్ లేని ప్రోగ్రాంలను అడ్డుకునే సెక్యూర్ బూట్ కూడా ఆపండి, లేదా కెర్నల్‌ని మీ సొంత కీతో సైన్ చేసుకోండి.

చాలా ఫర్మ్‌వేర్‌లకి చదవడం వచ్చేది ఫ్యాట్ ఫైల్‌సిస్టమ్ ఒక్కటే. అందుకే కెర్నల్, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో కెర్నల్ వాడుకునే చిన్న తాత్కాలిక ఫైల్‌సిస్టమ్) రెండూ ఈఎస్పీ పార్టిషన్‌లో, అంటే బూట్ ఫైళ్ల కోసం ఉండే ఫ్యాట్ పార్టిషన్‌లో, ఉండాలి. విండోస్ వదిలిపోయిన 100 ఎంబీ ఈఎస్పీ చాలదు, 512 అయినా పెట్టండి.

తర్వాత ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ అనే కమాండ్‌తో ఫర్మ్‌వేర్ బూట్ జాబితాలో ఎంట్రీ రాయాలి. అందులో ఇచ్చేవి: డిస్కు, పార్టిషన్ నంబరు, పేరు, కెర్నల్ ఎక్కడుందో, చివర్లో కెర్నల్‌కి అందించే ఆప్షన్లు. ఫైల్ దారిలో వాడేది బ్యాక్‌స్లాష్. సింగిల్ కోట్స్ పెట్టకపోతే షెల్ దాన్ని మింగేస్తుంది. ఆప్షన్లలో రూట్‌కి (లినక్స్ ఉన్న ప్రధాన పార్టిషన్‌కి) పార్ట్‌యూయూఐడీ, అంటే పార్టిషన్ గుర్తింపు సంఖ్య, ఇవ్వండి. దాన్ని కెర్నల్ తనంతట తాను గుర్తుపడుతుంది. మామూలు యూయూఐడీ (ఫైల్‌సిస్టమ్ గుర్తింపు సంఖ్య) అయితే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ ఉంటేనే తెలుస్తుంది.

గ్రబ్‌ని అప్పుడే తీసేయొద్దు. కొత్త ఎంట్రీని బూట్‌నెక్స్ట్‌గా పెడితే ఆ ఒక్కసారికే వాడుతుంది, తేడా వస్తే మళ్లీ గ్రబ్‌కే వెళ్తుంది.

"అన్‌ఏబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్" (రూట్ పార్టిషన్‌ని తెరవలేకపోయాను) అని కెర్నల్ ప్యానిక్ వచ్చి నిలబడిందా? ఒక్కోసారి కారణం ఫర్మ్‌వేరే. కొన్ని మదర్‌బోర్డులు ఎంట్రీలో రాసిన ఆప్షన్లను కెర్నల్‌కి అందించకుండా పారేస్తాయి. కెర్నల్, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్, ఆప్షన్లు మూడూ కలిపి యూకిఫై అనే టూల్‌తో ఒకే యూకేఐ (అన్నీ కలిసిన కెర్నల్ ఇమేజ్) ఫైల్ చేస్తే ఈ బాధ ఉండదు. సిస్టమ్‌డీ 253 నుంచి ఆ టూల్ ఉంది. నన్నడిగితే మొదటి నుంచీ ఇదే దారి పట్టాలి. ఆ ఫైల్‌ని ఈఎఫ్ఐ ఫోల్డర్‌లోని బూట్ ఫోల్డర్‌లో బూట్‌ఎక్స్64.ఈఎఫ్ఐ పేరుతో పెడితే, ఫర్మ్‌వేర్ ఎంట్రీలన్నీ మరిచిపోయినా దాన్ని వెతికి పట్టుకుంటుంది.

అసలు చిక్కంతా అప్‌డేట్లలో. డెబియన్‌లో కొత్త కెర్నల్ లినక్స్ సొంత బూట్ ఫోల్డర్‌లోకి వస్తుంది, ఈఎస్పీలో మాత్రం పాతదే ఉండిపోతుంది. ఆ పాత కెర్నల్ మాడ్యూల్స్ (డ్రైవర్లు) తీసేసిన రోజున వైఫై రాదు. కాపీ చేసే స్క్రిప్టు పోస్ట్‌ఇన్‌స్ట్.డీలో (కొత్త కెర్నల్ వచ్చాక పేర్ల వరుసలో నడిచే స్క్రిప్టుల ఫోల్డర్‌లో) పెట్టండి, పేరు జెడ్‌జెడ్‌తో మొదలవ్వాలి. అప్పుడే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ తయారయ్యాక అది నడుస్తుంది.

ఫ్యాట్‌కి జర్నల్ (మధ్యలో ఆగిన రాతల్ని సరిచేసే చిట్టా) లేదు. అనంతపురం ఎండల్లో, యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లో, కాపీ మధ్యలో కరెంటు పోతే సగం కెర్నల్ మిగులుతుంది. అందుకే స్క్రిప్టు వేరే పేరుతో కాపీ చేసి, సింక్ కొట్టి (అంతా డిస్కులోకి రాయించి), ఆ తర్వాతే అసలు పేరు పెట్టాలి. పాత కెర్నల్‌ని రెండో ఎంట్రీగా ఉంచండి.