లంబసింగిలో ఒక ఉదయం, మా మేడ మీది స్ట్రాబెర్రీల కోసం

విశాఖపట్నంలో మా మేడ మీద ఎనిమిది కుండీలలో స్ట్రాబెర్రీ పండించాలని రెండు శీతకాలాలు శ్రమించినా గుప్పెడు పండ్లయినా చేతికి రాకపోవడంతో, ఆ పంట సవ్యంగా పండే చోటికే వెళ్లి చూడాలని జనవరిలో ఒకనాడు తెల్లవారుజామున మా తమ్ముడితో కలిసి కారులో లంబసింగికి బయలుదేరాను. నర్సీపట్నం దాటి ఘాట్ రోడ్డు ఎక్కాక అద్దం దించడానికి ధైర్యం చాలలేదు. చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊరికి జనం మంచు కోసమే వస్తారు. మా ముందు వెళ్లిన వాహనాలన్నీ చెరువులవేనం కొండ వైపు మళ్లగా, మేమొక్కరమే తోట దగ్గర ఆగాము.

అక్కడ పాలీహౌస్ (పాలిథిన్ కప్పిన పెద్ద పందిరి) ఉంటుందని ఊహించుకుని వెళ్లిన నాకు తోట ఆరుబయట కనిపించింది. ఎత్తుగా పోసిన బోదెలపై మల్చింగ్ షీటు, అంటే మట్టిని కప్పి ఉంచే ప్లాస్టిక్ పొర, పరిచి, దాని కింద డ్రిప్ గొట్టాలు వేసి, షీటుకు చేసిన రంధ్రాలలో మొక్కలు నాటారు. పండ్లు మట్టి అంటకుండా షీటు మీదే వాలి ఉన్నాయి. మొక్కలను మహారాష్ట్ర నుంచి తెప్పించి, వానలు తగ్గుముఖం పట్టాక నాటుతామని తోట రైతు చెప్పాడు.

ఫోనులో మా కుండీల ఫొటోలు చూపించగానే అతను నవ్వు ఆపుకున్నాడు. "నెత్తి మీద మట్టి కప్పేశారేటమ్మా! మెడ దాకే మట్టుండాలి, లేకపోతే కుళ్లిపోద్ది" అన్నాడు. ఆకులన్నీ పుట్టుకొచ్చే ఆ పొట్టి మొదలు మట్టి మట్టానికి సరిగ్గా ఉండాలి. లోతుకు పోతే కుళ్లుతుంది, మరీ పైకి తేలితే వేళ్లు ఎండుతాయి. ఆకుల అంచులు మాడడం చూసి కుండీల మట్టిలో కలిపిన కొబ్బరి పొట్టును కడిగారా అని అడిగాడు. కడగలేదు. స్ట్రాబెర్రీ ఉప్పును ఏమాత్రం ఓర్చుకోదని, కడగని పొట్టులో ఉప్పు మిగిలే ఉంటుందని అప్పుడు తెలిసింది.

అయితే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ఆ కుండీల కోసం మేడ మీద నేను డబ్బు పోసి కట్టించుకున్న గ్రీన్‌హౌస్. ఇనుప గొట్టాలకు పాలిథిన్ చుట్టిన ఆ చిన్న గదిలో మధ్యాహ్నం వేళ ఉష్ణమాపకం 40 డిగ్రీలు చూపినా, మొక్కలకు రక్షణ కల్పిస్తున్నానన్న తృప్తితో నేను దానిని పట్టించుకోలేదు. చలి దేశాలలో వెచ్చదనం నిలపడానికి పుట్టిన ఏర్పాటును సముద్రతీరపు ఊరిలో మూసి ఉంచడమంటే మొక్కలను ఆవిరి మీద పెట్టడమే. మన దగ్గర సాగు చేసే రకాలు పగటి పొడవు తగ్గి, రాత్రులు చల్లబడినప్పుడే మొగ్గ తొడుగుతాయి. వేడి ఎక్కువైతే ఆకులు వేసి, తీగలు సాగుతాయే తప్ప పూతకు రావు. పైగా మూసిన గదిలోకి తేనెటీగ రాదు. పండు మీద మనం గింజలనుకునే చుక్కలు నిజానికి ఒక్కొక్కటీ ఒక్కో కాయ; పుప్పొడి అందని చోట వాటి కింది కండ ఉబ్బదు కాబట్టి పండు వంకరపోతుంది. మా ఇంట్లో కాసిన నాలుగైదు పండ్ల ఆకారం అలా ఎందుకుందో ఆ బోదెల మధ్య, పువ్వు మీద వాలిన తేనెటీగను చూస్తూ గ్రహించాను.

కొన్ని మొక్కలు ఇమ్మని అడిగితే అతను ఒప్పుకోలేదు. "ఇప్పుడు పట్టుకెళ్తే మీ ఊరి ఎండకి నిలబడవమ్మా, వానలెళ్లాక రండి" అని రెండు పెట్టెల పండ్లు మాత్రం అమ్మాడు. ఘాట్ దిగేలోపే ఒక పెట్టె అడుగున రసం ఊరడం మొదలైంది. ఇంత సున్నితమైన పండు విశాఖ బజారుకు ఎలా చేరుతుందోనని దారి పొడవునా ఆశ్చర్యపోయాను.

ఆ సాయంత్రమే పాలిథిన్ విప్పేసి, పైన షేడ్ నెట్ కట్టించి, నాలుగు పక్కలూ గాలికి వదిలేశాను. ఎనిమిది మొక్కలలో ఐదింటిని జాగ్రత్తగా పైకి లేపి, కడిగిన కొబ్బరి పొట్టు, వర్మీ కంపోస్టు కలిపిన మట్టిలో మళ్లీ నాటాను. మిగిలిన మూడింటి మొదళ్లు వేలితో నొక్కగానే మెత్తగా విడిపోయాయి.