థార్‌కి స్లైడర్లు

థార్ జీపుకి డోర్ల కింద రాళ్ల దెబ్బ కాచే పైపులు, అదే స్లైడర్లు, పెట్టిద్దామని వెళ్తే, "అన్నా, బాడీకే అంటించేద్దాం, తొందరగా అయిపోద్ది" అన్నాడు ఆటోనగర్ వెల్డర్. వద్దని ఛాసిస్, అంటే కింది ఫ్రేము, చూపించా. డోర్ కింది రేకుకి అంటిస్తే మొదటి రాయి దెబ్బ ఆ రేకుకే కదా, ఇక స్లైడర్ ఎందుకు!

రెడీమేడ్ సెట్ రేటు చూసి నీరసం వచ్చింది, అందుకే ఒకటిముప్పావు అంగుళాల ఎంఎస్ (మామూలు ఉక్కు) పైపు, 4 ఎంఎం మందం, కిలోల లెక్కన తూకం వేయించి తెచ్చా. పైపు నేరుగా ఫ్రేముకి అతికిస్తే బరువంతా ఒకే చోట పడుతుందని మధ్యలో 6 ఎంఎం ప్లేట్లు పెట్టించా. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ టెర్మినల్ తీయించండి బాబూ, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) పోతే మిగిలిన డబ్బంతా దానికే.

సాయంత్రం స్లైడర్ కింద జాకీ పెట్టి ఆ పక్క బరువంతా దాని మీదే లేపాం. డోర్ మామూలుగానే తెరుచుకుంది, అంటే బాడీ వంగలేదు!

ఇంకా తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ కొట్టాలి. పైన ఏ రంగు వేయాలన్న దాని మీద ఇంట్లో పంచాయితీ నడుస్తోంది.