దొంగ కరిగించిన కొమ్ము

ఆదివారం. భోజనం అయ్యాక కునుకు మానేసి, ఉత్తర యూరప్‌లో పాత జర్మానిక్ భాషలు రాసిన రూన్ లిపి నోట్సు ముందేసుకున్నాను. దాని తొలి వర్ణమాల పాత ఫుథార్క్‌లో 24 అక్షరాలు. ఆ వరుసను ఎవరో స్వీడన్ గోట్లాండ్ దీవిలో కిల్వర్ రాయి మీద చెక్కిపెట్టారు. నాకు మాత్రం సగం దాటితే తడబాటే.

నాన్న తొంగిచూసి, "ఏంట్రా, అన్నీ పుల్లలు పేర్చినట్టున్నాయి? ఒక్క వంపు లేదు" అన్నారు. చెక్క మీద అడ్డగీత గీస్తే నారలో కలిసిపోతుంది, అందుకే నిలువు, ఏటవాలు గీతలని చెప్పాను. "మరి ఆ చెక్కలేవి?" అన్నారు. చాలావరకు పుచ్చిపోయాయి. మిగిలినవి ఎక్కువగా లోహం, రాయి, ఎముక. డెన్మార్క్‌లో విమోసె చిత్తడి నేలలో దొరికిన దువ్వెన సుమారు క్రీ.శ. 160 నాటిది. దాని మీద ఉన్నది ఒక్క మాట, "హర్య". మనిషి పేరో, తెగ పేరో ఇంకా తేలలేదు.

సాయంత్రమంతా డెన్మార్క్‌లోని గాలెహుస్‌లో దొరికిన, రూన్ రాత ఉన్న బంగారు కొమ్ము దగ్గరే గడిచింది. "ఎక్ హ్లెవగస్తిజ్ హోల్తియజ్ హోర్న తవిదో." ఫలానా నేను ఈ కొమ్ము చేశాను, అంతే. కాలం సుమారు 400. అందులో "గస్తిజ్" (అతిథి) చూస్తే నాకు ముచ్చటేస్తుంది. నాలుగో శతాబ్దంలో గోతిక్ అనే పాత జర్మానిక్ భాషలో వచ్చిన బైబిల్లోనే అది "గస్త్స్" అయిపోయింది, మధ్యలో ఇకారం లేదు. కొమ్ము మీద మాత్రం దాని చుట్టం మాట, లాటిన్ "హోస్తిస్" పక్కన నిలబెట్టేంత పాత రూపం భద్రంగా ఉంది. ఇంగ్లీషు గెస్ట్‌కి వచ్చేసరికి తోక మొత్తం ఊడింది.

భద్రంగా అన్నాను గానీ, 1734లో దొరికిన ఆ కొమ్ము ఇప్పుడు లేదు. 1802లో హైడెన్‌రైక్ అనే కంసాలి కోపెన్‌హాగన్ రాజుగారి సేకరణ నుంచి ఎత్తుకెళ్ళి కరిగించేశాడు. మనం చదివేది అంతకుముందు గీసిపెట్టుకున్న బొమ్మల్లోంచి. వ్యాకరణ పుస్తకాలు ఇంతగా చెప్పుకునే వాక్యానికి అసలు ప్రతి లేదంటే నాకు కొంచెం టెన్షనే.

పైకి చదువుతుంటే నాన్న, "యతి పడిందే!" అన్నారు. నిజమే, హ్లె, హో, మళ్ళీ రెండో సగం మొదట్లో హో. మన యతికి అచ్చు కూడా కుదరాలి, ఆ పాత జర్మానిక్ కవులకు హల్లు కలిస్తే చాలు. ఆయన ఒప్పుకోలేదు, "అయితే అది యతి కాదు" అని టీవీ పెట్టుకున్నారు.

రేపు ఆఫీసు నుంచి వచ్చాక నార్వే ట్యూన్ రాయి చదవాలి. రెండు వైపులా రాత, పైగా వరుసకో దిక్కు.